పలక మీద పదకొండు మంది

మార్చి 4, 2019, సోమవారం

ఇవాళ తొమ్మిది పలకలు చూశాం. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. వచ్చే ఏడాది మా ఊరు బ్రాక్స్‌టన్‌కి రెండువందల ఏళ్ళు నిండుతాయని, ఊళ్ళోని చరిత్ర పలకలన్నీ తిరిగి చూసి ఎక్కడ రంగు పోయిందో, ఎక్కడ స్తంభం వంగిందో రాసుకు రమ్మని జిల్లా కమిటీ నాకూ హోలిస్ టార్ప్లీకీ అప్పగించింది. ఆయన కారు తోలతాడు, నేను తప్పులు పడతాను. ఆయన నలభై ఏళ్ళు మందుల కొట్టు నడిపిన తెల్లాయన, నేను నలభై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పినదాన్ని. ఇద్దరం జనం చేత చేదు మింగించి బతికినవాళ్ళమే.

రేవు దగ్గర మొదటి పలక: 1820లో కల్నల్ బ్రాక్స్‌టన్ ఇక్కడ పడవ దిగాడు. తెడ్లు వేసినవాళ్ళు దిగినట్టు లేదు. నాలుగో పలక కమిషన్ వ్యాపారుల మండీకి. దూది, బెల్లప్పాకం, 'ఇతర సరుకులు' అమ్మేవారట. ఆ ఇతర సరుకుల్లో మా ముత్తవ్వ ఒకతె. ఏడోది గుర్రానికి. ఎవరో జనరల్ గారి ఆడగుర్రం యుద్ధంలో ఇక్కడ కన్నుమూసింది. ఈ ఊరి పలకల మీద పేరుతో సహా ఎక్కిన ఆడది ఇప్పటిదాకా అదొక్కతే.

రేవువీధి చివర కారు ఆపమన్నాను.

"ఇక్కడ పలకేం లేదే, మోస్లీ టీచరు గారూ," అన్నాడు హోలిస్.

"అదే చూడమంటున్నాను."

ఆయన పాపం దిగి చూశాడు. గడ్డి, ఒక చెత్తడబ్బా, అవతల నది. 1909లో అక్కడే బట్టలుతికే మా ఆడవాళ్ళు బానలు బోర్లించి సమ్మె కట్టారు. ఉతికించుకునేవాళ్ళే సబ్బు కొనాలన్నది వాళ్ళ కోరిక. అయిదు వారాలు నిలబడ్డారు. ముందు నిలిచిన డ్రూసిల్లా బాస్కమ్‌ని ఇరవై రోజులు జైల్లో పెట్టారు. చివరికి సబ్బు గెలిచారు. ఆ కాలంలో ఈ ఊరి నల్లవాళ్ళు గెలిచింది అదొక్కటే. దానికి పలక వేయమని పదకొండేళ్ళుగా అడుగుతున్నాను.

కాళ్ళు పీకుతున్నాయి.

మార్చి 9

రాష్ట్ర చరిత్ర కార్యాలయం నుంచి ఉత్తరం. మర్యాదగానే రాశారు. నోటిమాట చాలదు, సమ్మె జరిగిన కాలంలోనే ఎవరైనా రాసిన కాగితం కావాలి. ఏప్రిల్ 30లోగా పంపకపోతే అర్జీ మూసేస్తారు. మళ్ళీ పెట్టుకోవాలంటే మూడేళ్ళు ఆగాలి.

డ్రూసిల్లా కూతురు ఐయోలా అత్తకి తొంభై నాలుగు. ఆమె మూడేళ్ళు ఆగుతుందా?

అప్పటి పత్రికలో వెతికి వెతికి కళ్ళు పోగొట్టుకున్నాను. ఉతికిన చొక్కాలు తొడుక్కుని పత్రిక అచ్చేసినవాళ్ళు ఉతికినవాళ్ళ గురించి ఒక్క అక్షరం వేయలేదు. రాసి ఉంటే మా మౌంట్ నీబో చర్చి సంఘంవాళ్ళే రాసి ఉండాలి. తీర్మానాల పుస్తకం, మూడో సంపుటం, 1903 నుంచి 1912 దాకా. అది 1990 వరదలో పోయింది. సంఘం గుమాస్తాగా ఆ మాట నేనే చెప్పాను. మళ్ళీ మళ్ళీ చెప్పనక్కర్లేదు.

మార్చి 10

వరదలో పోయింది.

మార్చి 17, ఆదివారం

ఆరాధన అయ్యాక ఐయోలా అత్తకి భోజనం పట్టుకెళ్ళాను. ఉడకబెట్టిన కాలర్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, కోడి. ఆకుకూరలో ఉప్పు తక్కువైందంది. డాక్టరు వద్దన్నాడుగా అంటే, "ఆ డాక్టరు ఎన్నాళ్ళు బతికాడేం, నాకు చెప్పడానికి?" అంది.

తిన్నాక మూతి తుడుచుకుని అడిగింది. "ఏమ్మాయ్, అల్తియా, మా అమ్మ పలక ఎందాకా వచ్చింది?" డెబ్భై తొమ్మిదేళ్ళ నన్ను అమ్మాయ్ అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే మిగిలింది.

"కాగితం కావాలంటున్నారత్తా."

"మా అమ్మ వీపు చూపిస్తే సరిపోయేది. జైల్లో కొట్టిన గుర్తులు చచ్చిందాకా ఉన్నాయి. పాతిపెట్టేశాం, ఏం చేస్తాం." కాసేపు నన్నే చూసింది. "పుస్తకం ఉండేది కదే సంఘంలో?"

"వరదలో..."

"ఆఁ, వరద. చాలా చదువుకున్న వరద. ఏరి ఏరి ఒక్క పుస్తకమే తీసుకుపోయింది."

గిన్నెలు కడిగేసి వచ్చేశాను.

మార్చి 21

పద్దెనిమిదో పలక, వంతెన దగ్గర. స్తంభం వంగింది, లారీ ఏదో గుద్దినట్టుంది. రాసుకున్నాం.

తిరిగి వచ్చేటప్పుడు హోలిస్ మండీ పలక ముందు కారు ఆపి, ఇంజను కూడా ఆపేసి, వెనక సీట్లోంచి ఒక అట్టపెట్టె తీశాడు. వాళ్ళ తాత పెట్టెలో దొరికిందట. 1853 నాటి అమ్మకాల జాబితా. మనుషులు, వయసులు, పళ్ళు ఎలా ఉన్నాయో కూడా. కింద సంతకం టార్ప్లీ.

"మా ఆవిడ పొయ్యిలో వెయ్యమంది," అన్నాడు. "ఆరునెలలు మందుల బీరువాలో దాచానండి. మీరేమో ప్రతి మీటింగులో ఆ ఇతర సరుకుల మాట ఎత్తుతారాయె. ఇక వినలేక కమిటీకి ఇచ్చేస్తున్నా. పలక మార్చమని రాశాను కూడా. ముందు మీరు చూడాలని..."

కాగితాన్ని మధ్యలో పట్టుకుని నా వైపు చాపాడు. ఏదో ఒక మంచిమాట చెప్పాల్సింది. "కాగితం అంచులు పట్టుకోండి, మధ్యలో పట్టుకుంటే చిరుగుతుంది," అన్నాను.

ఇంటికి వచ్చినప్పటినుంచీ ఒళ్ళు మండుతోంది. ఆయన మీద కాదు. సరే, ఆయన మీదే. మందులమ్ముకునే హోలిస్ టార్ప్లీ నాకంటే ముందు మంచివాడైపోతే నేనెక్కడికి పోను?

మార్చి 22

ఇది నాకోసం రాసుకునే పుస్తకం. ఇందులో కూడా అబద్ధం రాస్తే ఇక నిజం రాయడానికి కాగితం దొరకదు.

మూడో సంపుటం నా పడకగది బీరువాలో ఉంది. దిండుగలీబులో చుట్టి, ఈస్టరు టోపీల పెట్టె కింద.

1990 మార్చిలో నది పొంగి చర్చి నేలమాళిగలోకి వచ్చింది. తడిసిన పుస్తకాలు అయిదూ ఇంటికి తెచ్చి వరండాలో ఆరబెట్టాను. ఆరబెడుతూ చదివాను. నాలుగు తిరిగి ఇచ్చాను. మూడోది నీళ్ళపాలైందన్నాను. అది అబద్ధమని అప్పుడు అనిపించలేదు. నీళ్ళు దాన్ని కొంత తిన్నాయి కూడా.

1909 జూలై 31, శనివారపు కూటం. పుటకి పైభాగంలో సమ్మెలో నిలిచిన సహోదరీల పేర్లు వరసగా ఉన్నాయి. వాళ్ళకోసం ప్రార్థించాలనీ, ఇంటింటికీ పిండి పంపాలనీ తీర్మానం. పదకొండు పేర్లు. రాష్ట్రం అడిగిన కాగితం అదే, సాక్షాత్తూ అదే. దాని కిందే, నాలుగు వేళ్ళ దూరంలో:

'సహోదరి లూసిండా ట్రాయ్ మూడవ వారమున సమ్మె విడిచి గారెట్ వారింట బట్టలుతుకుటకు పోయినందున, సహోదరి డ్రూసిల్లా బాస్కమ్ ప్రతిపాదించగా, సంఘము ఆమె నుండి సహవాసపు కుడిచేతిని వెనుకకు తీసికొనెను.'

అంటే వెలివేశారు. లూసిండా ట్రాయ్ మా అమ్మమ్మ. నన్ను పెంచింది.

అమ్మమ్మ ఆదివారాలు చర్చికి వచ్చేది కాదు. మోకాళ్ళ నొప్పులని మా అమ్మ చెప్పేది. నేనూ అదే చెప్పేదాన్ని. ఆ మోకాళ్ళతోనే శనివారం వంతెన దాటి చేపల బజారుకి నడిచి వెళ్ళి, తలమీద తట్టతో నడిచి వచ్చేది. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇరవై ఒక్కేళ్ళు ఆవిడ చేతి అన్నం తిని అడగలేదు.

ఇదింకా సగమే. 1994లో సంఘం నూట పాతికేళ్ళ పండగకి నేనొక చిన్న పుస్తకం రాశాను. అందులో సమ్మె చేసినవాళ్ళు పన్నెండు మంది అని వేశాను. పన్నెండోది లూసిండా ట్రాయ్. పాస్టర్లకి పన్నెండంటే మహా ఇష్టం, అపొస్తలుల లెక్క కుదిరింది. పాతికేళ్ళుగా ఊరంతా పన్నెండు అంటోంది. నా పలక అర్జీలోనూ పన్నెండే.

ఇది నేనే రాశాను. బడిలో ఏ పిల్లాడైనా ఇలా రాసి ఉంటే చెవి మెలేసేదాన్ని.

ఏప్రిల్ 2

మనవరాలు జాస్లిన్ ఇంట్లో కాగితాల ఫొటో తీసే మిషను ఉంది. పుట కిందిభాగం మీద ఒక కవరు అడ్డం పెట్టి చూశాను. పైన పదకొండు పేర్లు, కింద తెల్లగా. చక్కగా వచ్చింది.

మండీ పలక కూడా చక్కగానే ఉంటుంది.

ఆ ఫొటో చింపేశాను.

ఏప్రిల్ 3

చింపకుండా ఉండాల్సిందేమో. ఇంకా నాలుగు వారాలుంది.

ఏప్రిల్ 6, శనివారం

జాస్లిన్‌కి చెప్పేశాను. ఆసుపత్రిలో నర్సు. చెడ్డకబురు వినడం ఆమెకి ఉద్యోగం. ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు.

"అమ్మమ్మా, దీని తరవాతి పుటేది?"

"అంటుకుపోయింది. అప్పటి తడి."

"ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా విడదీసి చూడలేదా నువ్వు?"

"పుస్తకం పాడైపోతుందని."

"ఆహా. పుస్తకం మీద ప్రేమ." అని వంటింట్లోకి వెళ్ళి వెన్నకత్తి తెచ్చింది. పుండు మీది గుడ్డ తీసినట్టు తీసింది, అరగంట పట్టింది. మూల కొంచెం చినిగింది. సెప్టెంబరు కూటం. సమ్మె అప్పటికి ముగిసింది. అమ్మమ్మని పిలిపించారు. తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగితే సంఘం కుడిచెయ్యి మళ్ళీ ఇస్తుంది, అప్పటి పద్ధతి. అందరూ అడిగేవాళ్ళు. తాగినవాళ్ళు, నాట్యమాడినవాళ్ళు, పెళ్ళాన్ని కొట్టినవాళ్ళు, వరసగా అడిగి వరసగా లోపలికి వచ్చేసేవాళ్ళు.

జాస్లిన్ చదివింది. నా కళ్ళద్దాలు ఎక్కడో పెట్టాను.

'సహోదరి లూసిండా ట్రాయ్ నిలువబడి, తనకు పశ్చాత్తాపము లేదనియు, తన బిడ్డలు ఆ దినములలో తినిరనియు, సంఘము పంపెదనన్న పిండి తన గుమ్మమునకు రాలేదనియు, మరల అట్టి దినము వచ్చిన అట్లే చేయుదుననియు చెప్పెను. ఇంకను కొన్ని మాటలు పలికెను. పిమ్మట తానే బయటికి వెళ్లెను.'

ఇంకను కొన్ని మాటలు. ఆ గుమాస్తా రాయకుండా మింగేసిన ఆ కొన్ని మాటలు నాకిస్తే, నా దగ్గరున్న చరిత్ర పుస్తకాలన్నీ ఇచ్చేస్తాను.

ఆ బిడ్డల్లో మా అమ్మ ఉంది. అప్పటికి రెండేళ్ళది.

"మంచి ఘటమే," అంది జాస్లిన్.

ఆవిడ సిగ్గుపడని దానికి నేను ఇన్నేళ్ళు ఆవిడ తరఫున సిగ్గుపడ్డాను. ఎవరడిగారు నన్ను?

ఏప్రిల్ 7

చర్చికి వెళ్ళలేదు. నిద్రపోయాను.

ఏప్రిల్ 14, మట్టల ఆదివారం

పుస్తకం దిండుగలీబుతో సహా ఐయోలా అత్త ఒళ్ళో పెట్టాను.

విప్పింది. ఒక వేలితో మెల్లగా అట్ట తడిమింది.

"వరద తగ్గిందా?" అంది.

అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అదే కష్టమైంది. పేర్ల జాబితా చదివి వినిపించమంది. వాళ్ళమ్మ పేరు వచ్చినప్పుడు మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది.

"నాకు తెలుసు, పుస్తకం నీ దగ్గరుందని కాదు, మీ అమ్మమ్మ సంగతి. మా అమ్మ ముప్పై ఏళ్ళు మీ ఇంటి ముందునుంచి నడవలేదు. బావికి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి వెళ్ళేది. 94లో నీ పుస్తకంలో లూసిండా పేరు చూసి, చేతిలో విసనకర్ర పడేసుకున్నాను."

"మరి అప్పుడే ఎందుకనలేదత్తా?"

"నువ్వు చదువుకున్నదానివి. నేను స్కూలు వంటింట్లో బంగాళాదుంపలు చెక్కినదాన్ని. ఎవరి మాట నమ్ముతారు? చూద్దాం, దీనికి నోరు ఎప్పుడు నొప్పెడుతుందో అనుకున్నా. నీది గట్టి నోరే అమ్మాయ్."

"నన్ను తిట్టు, అత్తా."

"తిడతాలే. మా అమ్మ పేరున్న కాగితాన్ని టోపీల కింద పెట్టి కూర్చున్నావు. దానికి తిట్టాలంటే ఓపిక కావాలి. ఇవాళ లేదు. రేపు రా."

ఏప్రిల్ 15

వెళ్ళాను. తిట్టింది. సరిగ్గా గంటసేపు, మధ్యలో నీళ్ళు తాగుతూ. తరవాత ఆకుకూర ఎప్పుడు తెస్తావంది.

ఏప్రిల్ 24

రెండు పుటలూ, పూర్తిగా, ఏ కవరూ అడ్డం పెట్టకుండా పంపాను. అర్జీలో పన్నెండు కొట్టేసి పదకొండు చేశాను. అమ్మమ్మ పేరు నా చేత్తోనే తీశాను. పలక పోతపోసేవాళ్ళకి అక్షరాల లెక్క ఉంటుంది. ఆవిడ పేరు తీయగానే చోటు మిగిలింది. ఆ చోట్లో 'సబ్బు' అన్న మాట పట్టింది.

హోలిస్ చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మీకిది కష్టమై ఉండాలి, టీచరు గారూ."

"మందుల బీరువా కంటే టోపీల పెట్టె మెత్తన," అన్నాను. ఆయన నవ్వాలా వద్దా తేల్చుకోలేక దగ్గాడు.

మే 4, శనివారం

ఇవాళ సంఘకూటం. అందరి ముందూ లేచి పుస్తకం సంగతి చెప్పాల్సిన రోజు. వెళ్ళలేదు. మోకాళ్ళు.

మే 5

మోకాళ్ళు అని రాశాను నిన్న. నా చెయ్యి ఎంత తొందరగా రాసేసింది!

మే 23

ఉత్తరం వచ్చింది. ఒప్పుకున్నారు. అక్టోబరుకల్లా పలక సిద్ధమవుతుంది, రేవువీధి చివర, నది వైపు ముఖం పెట్టి. పదకొండు పేర్లూ ఉంటాయి. ఫోనులో ఐయోలా అత్తకి చదివి వినిపించాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. పడిపోయిందేమోనని కంగారుపడి అరిచాను.

"అరవకు, ఇక్కడే ఉన్నా," అంది. "అక్టోబరా? సరే. అప్పటిదాకా ఏం చేయాలో చూసుకుంటా. నువ్వు సంఘం ముందు నిలబడ్డావా ఇంకా?"

లేదన్నాను.

"మీ అమ్మమ్మ నిలబడింది," అని ఫోను పెట్టేసింది.

జూన్ 1, శనివారం

నిలబడ్డాను.

యాభై మందికి పైగా ఉన్నారు. పుస్తకం బల్ల మీద పెట్టి, 1990 నుంచీ జరిగింది చెప్పాను. గొంతు బడిలోలాగే వచ్చింది. అదొక్కటే ఇంకా చెడిపోలేదు. తరవాత రెండు పుటలూ చదివాను. వెనక వరసలో ఎవరో "దేవుడా!" అన్నారు. నా దగ్గర చదువుకున్న ఒక సంఘపెద్ద, ఇప్పుడు అతనికి అరవై, నేల చూపులు చూశాడు. నా పేరు సంఘం పుస్తకంలో తప్పు చేసినవాళ్ళ కింద రాయమని నేనే అడిగాను. క్షమాపణ కూడా అడిగాను. ఇచ్చారు. చప్పట్లు కొట్టబోయారు, వద్దన్నాను.

అక్కడితో అయిపోతే ఈపాటికి ఇంటికొచ్చి పడుకునేదాన్ని. మా పాస్టర్ డెమెట్రియస్ కీల్‌కి ముప్పై నాలుగేళ్ళు, మెత్తని మనిషి, నలిగినదేదీ నలిగినట్టు వదిలేయలేరు. ఆయన లేచి, "నూటపదేళ్ళు గడిచాయి ప్రియులారా. సహోదరి లూసిండా ట్రాయ్‌కి సహవాసపు కుడిచెయ్యి ఇవాళ తిరిగి ఇద్దాం. ప్రేమ ఉన్నచోట ఆలస్యం లేదు," అని ప్రతిపాదన పెట్టారు. గదంతా ఆమేన్. కొందరు ఏడుస్తున్నారు. నా పక్కనావిడ నా చెయ్యి నొక్కింది.

"నేనొప్పుకోను," అంది ఐయోలా అత్త.

ఆవిడ చక్రాల కుర్చీని జాస్లిన్ తోసుకుంటూ ముందుకి తెచ్చింది.

"అత్తా," అన్నారు పాస్టరు గారు, "ఇన్నేళ్ళ తరవాత కోపమెందుకు..."

"కోపం గీపం కాదు నాయనా. కోపం ఏప్రిల్లోనే అయిపోయింది, అల్తియాని అడుగు. మా అమ్మ ఆమెని బయటికి పంపింది. సరే. మళ్ళీ రమ్మని ఈ గుమ్మంలో నిలబెట్టి అడిగారు. ఆమె ఏమంది? పశ్చాత్తాపం లేదంది. మళ్ళీ అయినా అదే చేస్తానంది. తన కాళ్ళ మీద తనే బయటికి నడిచి వెళ్ళింది. తరవాత యాభై ఏళ్ళు ఇదే ఊళ్ళో బతికి ఒక్కసారి కూడా గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు, నోరు లేనప్పుడు, పట్టుకొచ్చి లోపల కూర్చోబెడతారా? ఆమె అడగని క్షమాపణ మీరెలా ఇస్తారు? అంటే ఆమె అబద్ధమాడిందనా?"

పాస్టరు గారు నా వైపు చూశారు. కరుణతో చూశారు పాపం, నేనేదో సర్దిచెబుతానని.

"టీచరమ్మా, మీరేమంటారు?"

"ఓటు పెట్టండి," అన్నాను. "పద్ధతి అదే."

అనుకూలంగా పందొమ్మిది చేతులు లేచాయి. వ్యతిరేకించేవాళ్ళు ఎత్తండి అన్నారు. ఐయోలా అత్త చెయ్యి ముందు లేచింది. ఎంత పలచన చెయ్యి! అవతలి కిటికీ వెలుగు దానిలోంచి కనిపించింది. రెండోది నాది. నా చెయ్యి చూశాక మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఎత్తారు, ఎందుకెత్తుతున్నారో కొందరికి తెలుసో లేదో.

ముప్పై నాలుగు. అమ్మమ్మ బయటే ఉంది.